అదే టికెట్టు మీద ఇంకో బస్సు

సంపాదకుడు గారికి,

గత నెలలో మా అన్నయ్య మనవరాలి పెళ్లికని హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో రాత్రి 7 గంటలకు శ్రీకాకుళం వెళ్లే ప్రైవేటు స్లీపర్ బస్సు ఎక్కాను. 700 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఉదయం 9కల్లా దిగాలి, ముహూర్తం 11:20కి. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లకు పైగా మెకానిక్‌గా చేసి రిటైరయినవాణ్ని, బస్సు ఆగిపోవడం నాకు వింత కాదు. ఆగిపోయాక జరిగింది చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

చౌటుప్పల్ దాటాక మొదటిసారి ఆగింది. వెనకంతా ఆవిరి. రేడియేటర్ హోస్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు పారే గొట్టం, పగిలింది. టార్చి వేసి చూస్తే దాని మీద అప్పటికే ఓ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బైండింగ్ వైరుతో బిగించి ఉంది. అంటే ఈ రోగం ఆ రాత్రి వచ్చింది కాదు, తెలిసే బండిని షెడ్డులోంచి పంపారు. కొత్త హోస్ ఒక్క బెర్తు డబ్బులతో వచ్చేస్తుంది. క్లీనర్ కుర్రాడు చేతికి తువ్వాలు చుట్టుకుని, సలసల కాగుతున్న రేడియేటర్ మూత తిప్పబోతుంటే రెక్క పట్టుకుని లాగాను. తీసి ఉంటే మొహం కాలిపోయేది. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే దాని పైభాగం, అదే హెడ్డు, పగులుతుందని కూడా వాడికెవరూ చెప్పినట్టు లేదు. ముప్పావుగంట చల్లారనిచ్చి, అందరి తాగే నీళ్ల సీసాలూ అందులో ఒంపాం.

సూర్యాపేట దగ్గర మళ్లీ ఆగింది. తెల్లవారుజామున ఏలూరు దాటాక ఇంకోసారి. ఇంజిన్ వేడెక్కుతోందని అప్పటికే ఏసీ కట్టేశారు. కిటికీలు తెరుచుకోని బస్సు కదా, లోపల ఉండలేక అందరం హైవే పక్కన నిలబడ్డాం. లారీ వెళ్లినప్పుడల్లా ఒంటి మీద బట్టలు ఎగిరిపడేవి. ఒక తల్లి చంటిబిడ్డకు పాలివ్వడానికి చాటు కోసం బస్సు వెనక్కి వెళ్లి, ఇంజిన్ సెగకు వెంటనే తిరిగొచ్చేసింది. హైవే సాయం నంబరు 1033కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ వాళ్లు వచ్చి బస్సు వెనక కోన్లు పెట్టారు. బండిని పక్కకు లాగించగలం గానీ మనుషుల్ని ఊరు చేర్చడం మా పని కాదండీ అన్నారు. నిజమే. చేర్చాల్సిన ట్రావెల్స్ వాళ్ల నంబరు మాత్రం రింగవుతూనే ఉంది.

ఈలోగా అదే దారిన వెళ్లే ప్రైవేటు బస్సు ఒకటి మా డ్రైవర్ చెయ్యెత్తితే ఆగింది. లోపల బెర్తులు ఖాళీ ఉన్నాయి. కానీ మాది కాంట్రాక్ట్ క్యారేజ్, మధ్యలో ఎక్కించుకోవడానికి పర్మిట్ ఒప్పుకోదన్నాడు ఆ డ్రైవర్. చట్టంలో ఉన్న మాటే. అయితే రాత్రి ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా చెయ్యెత్తిన ప్రతి మనిషినీ ఎక్కించుకుంటున్నప్పుడు ఈ మాట ఏ డ్రైవరుకూ గుర్తు రాలేదే!

ఆర్టీసీ బస్సులు ఆగిపోవని నేననను. బోలెడు ఆగిపోయాయి, వాటి కింద పడుకునే నా సర్వీసు గడిచింది. కానీ ఆగినప్పుడు కండక్టర్ రోడ్డు మీద నిలబడి, వెనక వచ్చే ఆర్టీసీ బస్సు ఆపి, అదే టికెట్టు మీద జనాన్ని సర్దుతాడు. నిలబడి వెళ్లాల్సి వచ్చినా ఊరు చేరతారు. ప్రైవేటు బస్సులకు ఈ పద్ధతి ఎందుకు పెట్టకూడదు? బండి గంటకు మించి ఆగిపోతే వేరే బస్సులో పంపాలి, లేదా మిగిలిన దూరానికి డబ్బు అక్కడే వెనక్కివ్వాలి. దీన్ని పర్మిట్ షరతుగా రాయాలి. దారిలో ఆగిన బస్సు ప్రయాణికుల్ని ఇంకో ప్రైవేటు బస్సు ఎక్కించుకుంటే తప్పు కాదని రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ స్పష్టంగా చెప్పాలి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఇచ్చే కాగితం అది. బండిని తీసుకెళ్లిన రోజున ఎలా ఉందో చెబుతుందంతే. ఆ మర్నాడు హోస్‌కు ఏ ట్యూబు చుట్టారో దానికేం తెలుసు? రాత్రి సర్వీసు బయల్దేరే ముందు హోసులు, బెల్టులు, టైర్లు చూసి సంతకం పెట్టే మెకానిక్ ఒకడుండాలి. మా డిపోల్లో చేసిన పనే ఇది, కొత్తగా కనిపెట్టక్కర్లేదు.

మా బస్సు ఉదయం పదిగంటలకు తుని దగ్గర పూర్తిగా చతికిలపడింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఒకాయన సలహా ఇచ్చాడు గానీ, ఒక్క టికెట్టు డబ్బుల కోసం వాయిదాలకు తిరిగే ఓపిక ఎందరికుంది? పదిమందిమి ఆటోల్లో తుని బస్టాండుకు వెళ్లి, మళ్లీ టికెట్టు కొనుక్కుని, విశాఖలో బస్సు మారాం. నేను వెళ్లేసరికి పెళ్లిలో ఆఖరి బంతి లేస్తోంది. అక్షింతలు ఒక పళ్లెంలో మిగిల్చి ఉంచారు. సాయంత్రం మా తమ్ముడి కొడుకు ఫోన్‌లో చూసి చెప్పాడు, ఆ ట్రావెల్స్ వాళ్లే ఆ రాత్రి హైదరాబాద్ సర్వీసుకు ఇంకా టికెట్లు అమ్ముతున్నారట. పై బెర్తులు మాత్రమే మిగిలాయట.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ మెకానిక్, శ్రీకాకుళం జిల్లా