గర్భిణుల షుగర్‌కు మన కంచం లెక్కలో ఆహార పట్టిక ఇవ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

పురిటికి వచ్చిన మా అమ్మాయికి ఏడో నెలలో 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత రక్తపరీక్ష చేస్తే షుగర్ 140 దాటింది, అంటే గర్భంతో వచ్చే షుగర్ ఉన్నట్టు తేలింది. నగరంలోని ఒక ఆసుపత్రిలో మాకిచ్చిన ఆహార పట్టికలో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, సలాడ్, చపాతీలు ఉన్నాయి గానీ, కృష్ణా డెల్టాలో రెండు పూటలా కంచంలోకి వచ్చే అన్నం గురించి 'మానాలి' అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేదు.

గర్భంలో మాయ నుంచి వెలువడే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. అందుకు తగినంత అదనపు ఇన్సులిన్ తయారు కాని తల్లుల్లో షుగర్ పెరుగుతుంది. అంతేగానీ, ఇళ్లలో దెప్పుతున్నట్టు ఇది స్వీట్లు తిని తెచ్చుకున్న జబ్బు కాదు. చాలామందికి మొదటి వైద్యం ఆహారమే. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు కూడా సాధారణంగా రెండు వారాలు ఆహార నియమం, నడక పాటించి చూసి, అప్పటికీ భోజనమైన రెండు గంటలకు షుగర్ 120 లోపుకు రాకపోతే మందులో ఇన్సులినో మొదలుపెట్టమంటున్నాయి. ఆ రెండు వారాలూ వైద్యం జరిగేది వంటింట్లోనే అయినప్పుడు, వండి పెట్టే అమ్మకో అత్తగారికో అర్థమయ్యే లెక్క కావాలి కదా!

కప్పు అన్నంలో ఉండే పిండిపదార్థం దాదాపు మూడు చిన్న పుల్కాల్లోనూ ఉంటుంది. అన్నం మాన్పించి నాలుగు పుల్కాలు పెట్టి, షుగర్ ఎందుకు తగ్గలేదని విస్తుపోవడంలో అర్థం లేదు. అన్నమే కొలిచి వడ్డించి, పక్కన గోంగూర పప్పు, దొండకాయ కూర, ఉడికించిన గుడ్డు, పలుచటి మజ్జిగ దండిగా పెడితే కడుపూ నిండుతుంది, షుగరూ ఒక్కసారిగా ఎగబాకదు. ఉదయం పూట శరీరం ఇన్సులిన్‌కు మరీ లొంగదు కాబట్టి నాలుగు ఇడ్లీల కంటే పెసరట్టు మేలు. అయితే మన ఊరి అలవాటు ప్రకారం అందులో ఉప్మా వేసి, బెల్లం దట్టించిన అల్లం పచ్చడితో పెడితే చేసిన మేలంతా పోతుంది. రాగిజావ కూడా అంతే. పల్చగా కాచి బెల్లం కలిపి తాగిస్తే, రాగులన్న పేరే మిగులుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు కడుపు మాడ్చుకోవడం. పరీక్షలో అంకె తక్కువ రావాలని ముందు రాత్రి భోజనం మానేసే గర్భిణులున్నారు. అలా చేస్తే ఒంట్లో కీటోన్లు (ఆహారం అందక కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) పేరుకుంటాయి, బిడ్డకూ పోషణ తగ్గుతుంది. మూడు పూటల భోజనాన్ని తగ్గించి, మధ్యలో గుగ్గిళ్లో గుప్పెడు వేరుశనగపప్పో, పడుకోబోయే ముందు చక్కెర లేని పాలో ఇవ్వాలని పట్టికలో స్పష్టంగా ఉండాలి.

అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు అందుతున్న సరుకుల్లో రాగిపిండి, గుడ్లు, పాలతోపాటు బెల్లం, చిక్కీ, ఖర్జూరం కూడా ఉంటున్నాయి. రక్తహీనతను దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నవే అయినా, షుగర్ తేలినవారికి వాటి స్థానంలో పెసలు, శనగలు, వేయించిన వేరుశనగలు ఇవ్వడానికి స్త్రీ శిశు సంక్షేమ శాఖకు పెద్ద భారమేమీ కాదు. వైద్య ఆరోగ్య శాఖ తెలుగులో, గరిటెలు కప్పుల లెక్కన ఒక పట్టిక వేయించి విజయవాడ, గుంటూరు ఆసుపత్రులన్నింటికీ పంపాలని, కాన్పయ్యాక ఆరు వారాలకు మళ్లీ చేయించుకోవలసిన షుగర్ పరీక్ష తేదీని డిశ్చార్జి రోజునే ఆ పట్టికపై రాసి ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ