పక్క మంచం అక్కగారికి, మా కుటుంబం తరఫున

కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్న మా అమ్మ మొన్న శనివారం గుంటూరు ఆసుపత్రి నుంచి తెనాలిలోని మా ఇంటికి చేరింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది, గొంతు ఇంకా పీలగానే ఉంది, అయినా ఆక్సిజన్ పెట్టకుండానే రక్తంలో ఆక్సిజన్ 95 శాతం చూపిస్తోందని నాన్న ఈ ఉదయం ఫోనులో చెప్పారు. మాకోసం పరుగులు తీసినవారికి, వేళకాని వేళలో ఫోను ఎత్తినవారికి విడివిడిగా చెప్పుకునే ఓపిక ఇంకా రాలేదు కనుక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. సరిగా నిద్రలేని మనిషి రాత ఇది, వరస తప్పితే మన్నించండి.

నేను ఉండేది అమెరికాలో, డాలస్ దగ్గర. చెల్లెలు ఉండేది మెల్‌బోర్న్‌లో. 2021 ఏప్రిల్ చివరి వారంలో అమ్మకూ నాన్నకూ ఒకేసారి జ్వరం మొదలైంది. నాన్నది ఇంట్లోనే తగ్గుముఖం పట్టింది గానీ అమ్మకు ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీటీ స్కోరు 25కి 17 వచ్చింది. విమానమెక్కి వెళ్లిపోదామంటే, భారత్ నుంచి తిరిగి వచ్చే తన సొంత పౌరులకే జైలు, జరిమానా తప్పవని ఆస్ట్రేలియా మే 3 నుంచి ఆంక్ష పెట్టింది. మే 4 నుంచి అమెరికా కూడా ప్రయాణాలను కట్టడి చేయడంతో, వీసా మీద బతుకుతున్న నాలాంటివాడు వెళితే మళ్లీ భార్యాపిల్లల దగ్గరకు ఎప్పుడు చేరతాడో చెప్పగలిగినవారు లేకపోయారు. గుంటూరులో రాత్రి నాకు పగలు కాబట్టి రాత్రి కాపలా నేను తీసుకున్నాను, పగటి కాపలా చెల్లెలు తీసుకుంది. ఇద్దరు పిల్లల్ని కని, చదివించి, రెండు ఖండాలకు పంపిన తల్లికి మేం చేయగలిగిన సేవ ఫోనులోనుంచి తొంగిచూడటం ఒక్కటే అయింది. భారత్‌లో ఒక్కరోజులోనే నాలుగు లక్షలకు పైగా కేసులు నమోదవుతున్న రోజులవి. టీకాలు వేసుకున్నవారు ఇక మాస్కు తీసేయవచ్చని మే 13న ఇక్కడి అధికారులు ప్రకటించినప్పుడు మా వీధిలో పిల్లలు కేకలు వేస్తూ సైకిళ్లు తొక్కారు. వాళ్ల సంతోషాన్ని తప్పుపట్టను గానీ, ఆ సాయంత్రం కిటికీ మూసేసి కూర్చున్నాను.

ఇక అక్కగారి గురించి. పేరు రాయవద్దని ఆవిడే అన్నారు, అందుకే రాయడం లేదు. సత్తెనపల్లి వైపు ఒక ఊరు వారిది. సీజన్‌లో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళతారు. భర్తకు ఆరోగ్యశ్రీ కింద పడక దొరికితే ఆయన వెంట వచ్చి, మా అమ్మ మంచానికి ఆనుకుని ఉన్న సందులో నేల మీద దుప్పటి పరచుకుని ఉన్నారు. మాకు ఆవిడెవరో తెలియదు, మేమెవరమో ఆవిడకు తెలియదు. అమ్మ చేరిన మొదటి రాత్రి నేను వీడియో కాల్ చేస్తే అమ్మ ఎత్తలేకపోయింది. ఫోను మోగీ మోగీ ఆగిపోయేలోగా ఎవరో ఎత్తి, "పెద్దమ్మ నిద్రపోతోంది తమ్ముడూ, లేపమంటావా, వద్దా?" అని అడిగారు. వద్దన్నాను. "అయితే ఊపిరి చూడు చాలు" అని ఫోనును అమ్మ దుప్పటి మీదికి తిప్పి, అది పైకీ కిందికీ కదలడం నేను చూసేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపు పట్టుకున్నారో తెలియదు. పొద్దంతా భర్తకు చాకిరీ చేసి అలిసిన చేయి అది.

ఆ రాత్రి మొదలు ఆవిడ మాకు డాక్టరు కంటే ముందు కబురందించే మనిషి అయ్యారు. ఆక్సీమీటరు వేలికి తగిలించి అంకె చదివి చెప్పేవారు. 88కి పడిపోయిన రోజున మాకు చెప్పడానికి ముందే నర్సును పిలుచుకొచ్చి, అమ్మను బోర్లా తిప్పించి, ఆ తర్వాతే ఫోను చేశారు. బోర్లా పడుకోవడం అమ్మకు చచ్చేంత కష్టం. నడుము నొప్పి, పైగా మొహమాటం. నర్సులు చెబితే విననిది, "పెద్దమ్మా, మీ అబ్బాయి చూస్తున్నాడు, ఇంకో పది నిమిషాలు" అని ఈవిడ బతిమాలితే వినేది. ఆసుపత్రిలో నగలు పోతున్నాయని విని భయపడి అమ్మ మెడలోని గొలుసు తీసి ఆవిడ చేతికిచ్చిందట. ఆవిడ దాన్ని కొంగున ముడివేసుకుని తిరిగి, నాన్న కోలుకుని వచ్చిన రోజున వార్డు గుమ్మం దగ్గర ముడి విప్పి అప్పజెప్పారు.

మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా ఆగి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారని వార్త వచ్చినప్పుడు మా ఇద్దరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆసుపత్రికి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎవరూ ఎత్తలేదు. అక్కగారు కిందికి వెళ్లి, ట్యాంకు దగ్గర నిలబడ్డ మనిషిని అడిగి, ఇంకో ట్యాంకరు దారిలో ఉందట అని కనుక్కుని వచ్చి చెప్పారు. ఆవిడ భర్త కూడా అదే గొట్టం మీద బతుకుతున్నాడన్న సంగతి ఫోను పెట్టేశాక గానీ మాకు తట్టలేదు.

వీటన్నిటినీ నేను తట్టుకున్నాను. తట్టుకోలేనిది ఒక జడ. జ్వరంలో, మాస్కు పట్టీల కింద అమ్మ జుట్టు అట్టకట్టిపోయింది, కత్తిరించేద్దామని అన్నారట. ఒకరోజు తెల్లవారుజామున చెల్లెలు నన్ను నిద్రలేపి కాల్‌లో కలిపింది. అక్కగారు మంచం పక్కన కూర్చుని, అరచేతిలో కొబ్బరినూనె వేసుకుని, ఒక్కో చిక్కూ వేళ్లతో విడదీస్తున్నారు. మాస్కు కదలకుండా, తల ఎత్తించకుండా, కుడివైపు సగం, ఎడమవైపు సగం. చివరకు రెండు జడలు వేసి, బ్యాండు లేక కట్టుగుడ్డ పీలికలతో ముడి వేశారు. అమ్మ చిన్నపిల్లలా కళ్లు మూసుకుని ఉంది. మెల్‌బోర్న్‌లో చెల్లెలు, ఇక్కడ నేను నోట మాట లేక ఏడ్చాం. కన్న పిల్లలం చేయవలసిన పని అది.

డబ్బు పంపుతామంటే "మీ అమ్మకు పళ్లు కొనిపెట్టండి" అన్నారు. భర్తను ఇంటికి పంపిన రోజున ఆవిడ తిన్నగా వెళ్లిపోలేదు. ఖాళీ అయిన మంచానికి కొత్తగా వచ్చిన రోగి కూతురిని కూర్చోబెట్టి, పెద్దమ్మకు మజ్జిగ ఏ వేళకు ఇవ్వాలో, మాత్రలు ఏ సంచిలో ఉన్నాయో, రాత్రి ఎవరి నుంచి ఫోను వస్తుందో చెప్పి, అమ్మను అప్పగించి మరీ వెళ్లారు. ఆ అమ్మాయి కూడా చివరిదాకా చూసుకుంది. ఆమెకూ నమస్కారాలు.

ఇంత మంచి మనుషులు ఉండగా మనకు ఈ గతి ఎందుకు పట్టిందన్నది కూడా రాయకుండా ఉండలేను. ఆక్సిజన్ తగ్గిపోతున్న మనిషికి పరీక్ష ఫలితం కాగితం లేదని మొదట వెళ్లిన చోట పడక ఇవ్వలేదు. ఆ కాగితం అమ్మ వార్డులో చేరిపోయిన తర్వాత వచ్చింది. ఖాళీ పడకలు ఉన్నాయని తెర మీద చూపించిన చోట్లకు ఫోను చేస్తే, నిన్ననే నిండిపోయాయన్నారు. హైదరాబాద్ తరలిద్దామనుకునేసరికి తెలంగాణ సరిహద్దులో అంబులెన్సులను ఆపుతున్నారు, ఆ ఆంక్షను అక్కడి హైకోర్టు నిలిపివేసేసరికి మేం ఆ ఆలోచనే మానుకున్నాం. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం ఎవరెవరు ఎంతెంత అడిగారో రాస్తే చదివేవారికి మంట పుడుతుంది. మేం ఇక్కడి నుంచి పంపిన, గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సంట్రేటర్ యంత్రం, కాగితాలు సరిపోలేదంటూ ఎక్కడో ఆగిపోయింది. సొంత వాడకానికి తెప్పించుకునే యంత్రం మీద పన్నును 28 నుంచి 12 శాతానికి తగ్గించామని గొప్పగా చెప్పుకున్నారు. ఊపిరి మీద 12 శాతం మాత్రం ఎందుకని మే 21న ఢిల్లీ హైకోర్టు ఆ పన్నును కొట్టేసేదాకా ఎవరూ అడగలేదా? కూలికి వెళ్లే ఒక ఆడమనిషి కొంగు ముడిలో ఉన్న పూచీ ఇంత పెద్ద యంత్రాంగంలో లేకపోయింది.

నాన్న, చెల్లెలు, బావగారు, నా భార్య చేసినవాటికి కృతజ్ఞతలు చెబితే వాళ్లకే కోపం వస్తుంది. చిన్నమామయ్య కారులో తిప్పాడు, అత్తయ్య క్యారేజీలు పంపింది. పెద్దమామయ్యను మాత్రం దక్కించుకోలేకపోయాం.

మరిచిపోయినవారు గుర్తొస్తున్నారు, ఉన్నవాళ్లను ఉన్నట్టు రాసేస్తాను. నాన్న ఒంటరిగా గదిలో ఉన్నన్నాళ్లూ గేటు మీద పాల ప్యాకెట్ తగిలించి, కేక వేసి పలికించుకుని వెళ్లిన పాలబ్బాయి. మందుల కిట్టు తెచ్చి ఇచ్చి, మళ్లీ మర్నాడు వచ్చి చూసిన ఆశా కార్యకర్త. మధ్యాహ్నం 12 గంటల తర్వాత కర్ఫ్యూ ఉన్నా వెనక తలుపు తీసి మందులిచ్చిన షాపు ఆయన. రాత్రి డ్యూటీలో ఉండి నా అర్థంలేని ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా బదులిచ్చిన మలయాళీ నర్సు. మామయ్యను మేమెవరం మోయలేకపోతే ముందుకొచ్చి, మతమూ కులమూ అడగకుండా మోసిన విజయవాడ కుర్రాళ్లు. వాళ్ల పేరు ముందే రాయవలసింది, ఇంత కిందకు వచ్చింది.

మేం పంపిన కాన్సంట్రేటర్ నిన్న తెనాలి చేరింది. అమ్మకు ఇప్పుడు దాని అవసరం లేదని డాక్టరు చెప్పారు. గుంటూరు, తెనాలి, సత్తెనపల్లి చుట్టుపక్కల ఎవరికి కావాలన్నా నాకు కబురు చేయండి, చిన్నమామయ్య తెచ్చి ఇస్తాడు. అద్దె లేదు, డిపాజిట్ లేదు. పని అయ్యాక తర్వాతివారికి మీరే అందించండి.