అద్దె సంతకాలతో వైరింగ్ రిపోర్టులు

సంపాదకులకు,

బెంగళూరులో కొత్త ఇంటికి కరెంటు కనెక్షన్ కావాలంటే లైసెన్సున్న కాంట్రాక్టరు వైరింగ్ పూర్తయిందని రిపోర్టు ఇవ్వాలి. కొన్నిచోట్ల ఆ సంతకం అద్దెకు దొరుకుతోంది. పని చేసేది ఒకరు, గడప తొక్కకుండానే సంతకం పెట్టేది ఇంకొకరు.

దాని ఫలితం డిస్ట్రిబ్యూషన్ బోర్డు మూత తీస్తే తెలుస్తుంది. ఏదో సాకెట్లో న్యూట్రల్ ఎర్తుకు తగిలి ఉంటుంది, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) మాటిమాటికీ ట్రిప్ అవుతుంది. తప్పు వెతికే ఓపిక లేక దాన్నే బైపాస్ చేసి పోతారు. రేపు గీజర్ షాక్ కొడితే ఆపేదేముంది? బోర్డులో న్యూట్రల్ విడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఇన్సులేషన్ నిరోధం కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) ఉందో లేదో చూస్తే ఈ తప్పు దొరికిపోతుంది. చాలామంది ఫేజు (కరెంటు వచ్చే తీగ) ఒక్కటే చూసి (అదీ చూస్తే!) వదిలేస్తారు.

పరీక్షల ఖర్చు కలిపి కొటేషన్ ఇచ్చినవాడికి పని దక్కదు. పైగా ఓనర్లు చివరి బిల్లు కనెక్షన్ వచ్చాకే అంటారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) దగ్గర కనెక్షన్ ఫైలు ఆగితే మా కాంట్రాక్టర్ల డబ్బూ ఆగినట్టే.

రిపోర్టుతో పాటు మెగ్గర్, ఎర్త్ రీడింగులు, మూత తీసిన బోర్డు ఫొటో తప్పనిసరి చేయాలని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌ను కోరుతున్నాం.

– కొందరు ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లు, మారతహళ్లి, బెంగళూరు