తెల్ల పులి బోర్డు మీద ఆ సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే,

జూపార్క్‌లో తెల్ల పులి దగ్గర సెల్ఫీల గోల చూస్తూనే ఉంటాం గానీ, జూల్లో ఉన్న తెల్ల పులులు చాలావరకు 1951లో మధ్యప్రదేశ్‌లోని రేవా అడవిలో పట్టిన మోహన్ అనే ఒక్క పులి వంశమేనని, ఆ రంగు కోసం దాన్ని సొంత కూతురితోనే జత కట్టించారని ఎంతమందికి తెలుసు? మనమేమో పెళ్లికి గోత్రాలు చూస్తాం!

ఇప్పుడు రక్తం, వెంట్రుక, ఆఖరికి పెంట నుంచి కూడా డీఎన్‌ఏ తీసి ఏ మగదానికి ఏ ఆడది ఎంత దగ్గరి చుట్టమో చెప్పేస్తున్నారు, ఇలాంటి పని చేసే సీసీఎంబీ (కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ) వాళ్ల లాకోన్స్ అనే, అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడే ల్యాబ్ మన అత్తాపూర్‌లోనే ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో పాంథర్లకి (ఇవి ప్యూమా అనే పెద్ద పిల్లి జాతివే) ఇలాగే దగ్గరి రక్తం కలిసి తోకలు వంకరపోయి, గుండెలో లోపాలతో పిల్లలు పుడుతుంటే 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాల్ని తెచ్చి వదిలారు, ఆ తర్వాత సంఖ్య బాగా పెరిగింది.

అందుకే జూ వాళ్లకి నా రిక్వెస్ట్ ఒకటే, రంగు చూసి కాదు, డీఎన్‌ఏ రిపోర్ట్ చూసి జత కట్టండి, ఆ పులి వంశం కథ బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించండి.

- ఒక పాఠకుడు, మెహిదీపట్నం, హైదరాబాద్