చెరువు గట్టుకి ఎన్ని సీసీలు కావాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ బండ్ల పేజీలో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే) పనిబండి కొనేవాళ్ళకి సలహా ఇస్తూ, డీజిల్ ఇంజిన్ ఎంత పెద్దదైతే అంత మంచిదన్నట్టు రాశారు. పాడేరుకో మారేడుమిల్లికో లోడుతో ఎక్కేవాళ్ళ సంగతి నేను మాట్లాడను, వాళ్ళకి అది నిజమే కావచ్చు. ధవళేశ్వరం బ్యారేజీ దిగువన ఉన్న మాకు మాత్రం ఎక్కడానికి ఎత్తంటూ ఉంటే కాలువ మీద వంతెన, ఏటిగట్టు, చెరువులోకి దిగే ర్యాంపు, అంతే. ఇలాంటి సలహాలు పట్టుకునే మా వైపు కుర్రాళ్ళు రొయ్యల డబ్బులు చేతికొచ్చిన ఏడాది, పైన అప్పు కూడా చేసి, రెండు టన్నుల బండి తెచ్చుకుంటున్నారు. తర్వాత మొదటి వానకే గట్టు మీద కూరుకుపోయి పక్క రైతు ట్రాక్టర్ కోసం ఫోన్లు. ఆ ట్రాక్టర్ డ్రైవర్ నవ్వే నవ్వు మీరు చూడాలి.

అసలు సీసీ అంటే సిలిండర్ల లోపల ఎంత చోటుందో చెప్పే లెక్క, బలం ఎంతో దాన్ని బట్టి తేలదు. మహీంద్రా బొలెరో ఇంజిన్ 1493 సీసీ, 75 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే తిప్పే బలం). అదే కంపెనీ బొలెరో క్యాంపర్ పికప్‌లో ఉన్నది 2523 సీసీ పాతకాలం ఇంజిన్, హార్స్‌పవర్ అదే 75, టార్క్ 200. లీటరు, అంటే వెయ్యి సీసీలు, ఎక్కువున్నా టార్క్ పది తక్కువే. మహీంద్రాదే థార్ సంగతి ఇంకా విచిత్రం, 2020లో వచ్చిన 2.2 లీటర్ల డీజిల్‌కీ 2023లో తెచ్చిన 1.5 లీటర్ల డీజిల్‌కీ టార్క్ ఒకటే, 300. హార్స్‌పవర్లో 130కీ 117కీ తేడా ఉంది నిజమే గానీ అది హైవే మీద బస్సుని ఓవర్‌టేక్ చేసేటప్పుడు తెలుస్తుంది, మేత బస్తాలు వేసుకుని గట్టు మీద పదిహేను స్పీడులో పాకేవాడికి ఎక్కడ తెలుస్తుంది?

అలాగని చిన్న ఇంజినే మేలని కూడా నేననను. మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ పికప్‌నే చూడండి. మొదట్లో దానికి 2.5 లీటర్ల ఇంజిన్, 320 టార్క్. బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనకి మారాక 1.9 లీటర్లది పెట్టారు, టార్క్ 360కి పెరిగింది. కాగితం మీద కొత్తదే గొప్ప. కానీ పాతది 1800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే ఆ టార్క్ మొత్తం ఇచ్చేసేది, కొత్తదానికి 2000 రావాలి. షోరూమ్‌లో ఈ రెండో అంకె ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

ఆ అంకె విలువ తెలియాలంటే పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, ర్యాంపు దగ్గర నిలబడి చూడాలి. వలల్లోంచీ ట్రేల్లోంచీ నీళ్ళు కారి ర్యాంపంతా సబ్బు రాసినట్టుంటుంది, వెనక ఐసు, సరుకు, దాని మీద ఇద్దరు కూలీలు. డ్రైవర్ ఫస్ట్ గేరులో క్లచ్ సగం వదుల్తాడు. టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోసేది) ఇంకా అందుకోదు, ఇంజిన్ గొణిగి ఆగిపోతుంది. రెండోసారి భయంతో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాడు, అప్పుడు అందుకుంటుంది, కానీ ఒక్కసారిగా. చక్రం గిర్రున తిరిగి టైరు గాడుల్లోకి నల్లమట్టి పట్టేసి, కొత్త టైరు కాస్తా అరిగిపోయిన టైరులా నున్నగా తయారవుతుంది, ఈలోపు క్లచ్ కాలిన వాసన. అక్కడ ఇంకో యాభై హార్స్‌పవర్ ఇస్తే ఏం చేసుకుంటాడు? చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. ఆయనకి కావాల్సింది 1500 ఆర్‌పీఎం దగ్గరే నిలకడగా లాగే ఇంజిన్, దాని పక్కన లో రేంజి లివరు, అంటే వేగం తగ్గించి లాగే బలం పెంచే అదనపు గేరు.

లో రేంజి గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు, నాకు ఒళ్ళు మండింది అక్కడే. ఆ లివరు లోలో వేస్తే ఇంజిన్ టార్క్ చక్రం దాకా వెళ్ళేసరికి మామూలు కన్నా దాదాపు రెండున్నర రెట్లవుతుంది, వేగం అంత పాళ్ళూ తగ్గుతుంది. అంటే 210 టార్క్ ఇచ్చే చిన్న ఇంజిన్‌కి లో తగిలిస్తే లెక్క 500 దాటిపోతుంది. 2.8 లీటర్ల టయోటా హైలక్స్ పికప్ ఆటోమేటిక్ ఇంజిన్ ఇచ్చేది 500. హైలక్స్‌కీ లో ఉంటుందనుకోండి, దాని బలం దానిదే, కానీ అంత బలం దింపడానికి మా బురదలో పట్టు ఏదీ? పైగా ముందు ఇరుసు మీద బరువైన ఇంజిన్ ఉంటే ముందు చక్రాలే ముందు దిగబడతాయి. ఐదు మీటర్లు దాటిన పొడవుతో రెండు చెరువుల మధ్య గట్టు మీద తిప్పుకోలేక మూల దాకా రివర్స్‌లో రావాల్సిందే, అదీ ఏరియేటర్ల (చెరువు నీళ్ళకి గాలి అందించే యంత్రాల) వైర్లు చూసుకుంటూ.

ఇప్పుడు డీపీఎఫ్ సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక డీజిల్ బండి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటోంది, డీపీఎఫ్ అంటే అదే. ఆ మసి కాలిపోవాలంటే లోపల ఐదారు వందల డిగ్రీల వేడి పుట్టాలి, అది పుట్టాలంటే బండి కాసేపు ఆగకుండా స్పీడులో పోవాలి. మా బండ్లు పొద్దున్నే చెరువు దగ్గరికెళ్ళి, మేత దింపి, పక్క చెరువుకెళ్ళి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి గుమస్తాతో మాట్లాడి, మళ్ళీ ఇంటికి. పెద్ద ఇంజిన్‌కి ఈ పని ఒక పనే కాదు, వేడెక్కనే వేడెక్కదు, మసి పేరుకుంటూ పోతుంది. డ్యాష్‌బోర్డులో లైటు వెలిగితే పట్టించుకోనివాడి బండి చివరికి లాగే ఊపు మొత్తం పోయి పాకుతుంది, అక్కడి నుంచి బిల్లు వేలల్లో. మా వైపు తెలిసినవాళ్ళు లైటు రాగానే 216 హైవే ఎక్కి చించినాడ వంతెన దాటి రాజోలు దాకా అరవైకి తగ్గకుండా పోయి వస్తారు. డీజిల్ దండగే, కానీ వర్క్‌షాపు కన్నా నయం. కొనేముందే మనం రోజూ ఎంత దూరం, ఎంత స్పీడులో తిరుగుతామో చూసుకుంటే ఈ తిరుగుడు తప్పుతుంది.

రోజూ భీమవరం ప్లాంటుకో ఇంకా దూరమో సరుకు తోలేవాళ్ళు, వెనక ట్రైలర్ తగిలించేవాళ్ళు 2.2 లీటర్లో ఆపైనో తీసుకోవచ్చు, వాళ్ళకి అది దండగ కాదు.

బరువు మోయడానికీ సీసీకీ కూడా సంబంధం కలపకండి. ఆర్‌సీలో లోడుతో బరువు, ఖాళీ బరువు అని రెండంకెలుంటాయి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఎంత మోయొచ్చో తేలిపోతుంది. పాతిక కేజీల మేత బస్తాలు నలభై వేస్తే టన్ను. దర్జాగా కనిపించే కొన్ని పికప్పులు ఈ లెక్కలో సగం దగ్గరే ఆగిపోతాయి.

ఇక సీసీ నిజంగా లెక్కకొచ్చేది పన్నుల దగ్గర. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1500 సీసీ లోపు డీజిల్ కారుకి జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40. సరుకు బండికైతే సీసీతో పని లేకుండా 18 శాతమే. ఇంత తేడా ఉన్నప్పుడు 1.5 లీటర్ల డీజిల్‌కి నాలుగు చక్రాల డ్రైవ్ పెట్టి ఇస్తే మా డెల్టా మొత్తం అదే కొంటుంది. కానీ థార్‌లో 1.5కి వెనక చక్రాల డ్రైవే, ఫోర్ బై ఫోర్ కావాలంటే 2.2 డీజిల్‌కి వెళ్ళి 40 శాతం కట్టాలి. బొలెరోకీ వెనక చక్రాలే. మారుతి జిమ్నీ చిన్నది, తేలిక, లో రేంజి కూడా ఉంది, కానీ మారుతి 2020లోనే డీజిల్ కార్లు మానేసింది, అది పెట్రోల్ మాత్రమే. మిగిలింది క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్, దర్జా లేదని మా కుర్రాళ్ళు దాని మొహం చూడరు. నన్నడిగితే మా గట్లకి సరైనది అదే.

మీ బండ్ల పేజీలో ధర, మైలేజీ, సీసీ అని పట్టిక వేస్తున్నారు కదా. పనిబండ్ల గురించి రాసినప్పుడు అందులో టార్క్ ఏ ఆర్‌పీఎం నుంచి మొదలవుతుందో, లో రేంజి ఉందో లేదో, ఎన్ని కేజీలు మోస్తుందో కూడా వేయండి. సన్‌రూఫ్ కాలమ్ తీసేస్తే చోటు సరిపోతుంది.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
నరసాపురం దగ్గర నుంచి