పెంకు కనబడితే ముట్టుకోకు

ప్రియమైన పద్మా,

మళ్ళీ కాలేజీ ఏమిటని అడిగావు కదా. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పలేక ఉత్తరమే రాస్తున్నా. ఈ కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ అంటే వయసు అడ్డం రాదే. ఇక్కడే ఉంటున్నవాళ్ళకు ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, మూడు యూనిట్ల క్లాసుకి 138. సాయంత్రం పూట క్లాసులు. నా పక్కన పంతొమ్మిదేళ్ళ పిల్లాడు, వెనక రిటైరైన నర్సు కూర్చుంటారు.

ముందు ఆంత్రోపాలజీ, అదే మానవశాస్త్రం, తీసుకున్నా. బంధుత్వాల పాఠం రోజున, మేనమామ కూతురు వరసైతే బాబాయి కూతురు చెల్లెలెందుకవుతుందో బోర్డు మీద గీసి చెప్పా. మన పిలుపులకు పుస్తకంలో ‘ద్రవిడియన్ కిన్‌షిప్’ అని పేరుంది!

కానీ నా మనసంతా ఆర్కియాలజీ మీదే, అదే పురావస్తు శాస్త్రం. తవ్వకం నేర్పడానికి టీచర్ కాలేజీ వెనక ఖాళీ జాగాలో ముందే కొన్ని వస్తువులు పూడ్చిపెట్టారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు గుంట, నాలుగు మూలలా మేకులు, చుట్టూ దారం. పది సెంటీమీటర్లు దిగగానే ఆగి కొలవాలి, రాసుకోవాలి. చేతికేమిచ్చారో తెలుసా? తాపీ! మా నాన్న పొద్దంతా పట్టుకునే తాపీ. ఆయన దాంతో గోడలు లేపాడు, నేను మట్టిని పొరలు పొరలుగా గీకుతున్నా. పట్టుకోగానే కళ్ళు చెమర్చాయి.

మొదటిరోజే కుండపెంకు కనబడేసరికి ఆగలేక పీకేశా. టీచర్ కోప్పడలేదు. “ఇది ఏ లోతులో, దేని పక్కన ఉంది?” అన్నారంతే. చెప్పలేకపోయా. ఆ రాత్రి నిద్ర పట్టలేదే.

మేం బట్టలు కొనుక్కునే ఎమెరీవిల్‌లో షెల్‌మౌండ్ స్ట్రీట్, అంటే ఆల్చిప్పల దిబ్బ వీధి, అని ఉంది. ఏదో పేరులే అనుకునేదాన్ని. అక్కడ నిజంగానే దిబ్బ ఉండేదట. ఇక్కడి ఆదివాసులైన ఒలోనీ ప్రజలు వందల తరాలుగా తిని పారేసిన ఆల్చిప్పలు, పొయ్యి బూడిద, తమవాళ్ళ సమాధులు, అన్నీ కలిసి పేరుకున్న దిబ్బ. తర్వాత వచ్చినవాళ్ళు దాని నెత్తిన డాన్సు హాలు కట్టారు. 1902లో మాక్స్ ఊలె అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వి పొరలు గుర్తించాడు. 1924లో ఫ్యాక్టరీ కోసం చదును చేసేశారు, ఇప్పుడు షాపింగ్ మాల్. ఈ శాన్‌ఫ్రాన్సిస్కో బే చుట్టూ ఇలాంటివి 425 ఉన్నాయని 1909లోనే నెల్సన్ అనే ఇంకో పురావస్తు శాస్త్రవేత్త లెక్క తేల్చాడు. బర్క్‌లీలో ఒక దిబ్బ ఉన్న స్థలం మాత్రం 2024లో తిరిగి ఒలోనీల చేతికొచ్చింది. మొన్న ఆ మాల్‌లో కారు దిగడానికి నాకు కాళ్ళు రాలేదు.

దిబ్బ అనగానే మన పాలమూరు గుర్తొచ్చింది. ఉట్నూరు బూడిద దిబ్బ మీ అత్తగారి ఊరికి ఎంత దూరం? 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వితే అది కొత్త రాతియుగం నాటి పశువుల దొడ్డి అని తేలింది. పేడ పోగుపడటం, దాన్ని తగలబెట్టడం, ఇలా ఎన్నిసార్లు జరిగితే అంత బూడిద! పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కూడా ఉన్నాయి. నాలుగు వేల ఏళ్ళు దాటినా చెరగలేదు పద్మా, మన ఆవులవే!

వీలు చూసుకుని ఒకసారి వెళ్ళిరావే. పెంకు కనబడితే ముట్టుకోకు. ఉన్నచోటే ఫొటో తీసి పంపు.

నీ
సుజాత