430లో సగం

మిర్యాలగూడ,
ఆదివారం, నవంబర్ 16

అరే యాదగిరీ,

నీ ఉత్తరం దసరాకు ముందే వచ్చింది. జవాబు ఇప్పుడు రాస్తున్నా. తిట్టుకో, కానీ మొత్తం చదువు. మూడుసార్లు మొదలుపెట్టి రెండేసి వాక్యాలకే ఆపేసిన కాగితాలు నా బ్యాగులోనే ఉన్నాయి. కంపెనీల రిజల్ట్స్ సీజన్ అంటే ఎట్లా ఉంటుందో నీకు తెలుసు కదా, క్షమించు.

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కకు మళ్లీ ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి అట్లనే ఉంది. వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు వరుస కట్టాయి, నిన్న బస్టాండ్ నుంచి ఇంటికి రావడానికే ముప్పావు గంట పట్టింది. ఎర్ర గొడుగు సంగతి ఎత్తొద్దన్నావు, ఎత్తను. సమోసాల బాకీ మాత్రం ఎత్తుతా. పానగల్ ఛాయా సోమేశ్వర గుడిలో పడే ఆ నీడ ఏ స్తంభానిదో నువ్వు తేల్చేదాకా అది నీ మీదే.

సరే, ఇక అసలు సంగతి. బుధవారం నుంచి లోపల కుతకుతమంటోంది. నీకు తప్ప ఇంకెవరికీ ఇంత పొడుగున చెప్పలేను.

మీ తమ్ముడికి మా లాంటి ఫైనాన్షియల్ డేటా కంపెనీలోనే ఆఫర్ వచ్చిందనీ, "అక్కడ పొద్దస్తమానం అంకెలు కొట్టడమేనా" అని అడిగాడనీ రాశావు. కొట్టడం ఇప్పుడు తగ్గిపోయిందిరా. అంకెల్ని మిషనే తీస్తుంది, మేం సరిచూస్తాం. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీలు దాదాపు అన్నీ మూడు నెలలకోసారి లెక్కలు బయటపెట్టాలి కదా. మార్చిది తప్ప, త్రైమాసికం ముగిశాక 45 రోజులే గడువు. సెప్టెంబర్ లెక్కలకు నవంబర్ 14 ఆఖరు. పెద్ద కంపెనీలు చాలావరకు అక్టోబర్‌లోనే ఇచ్చేస్తాయి, చిన్నవి ఎక్కువగా ఆఖరి వారం ఒక్కసారిగా మీద పడతాయి. బోర్డు మీటింగ్ కాగానే పీడీఎఫ్ బీఎస్ఈకి, అంటే ముంబై స్టాక్ ఎక్స్ఛేంజీకి చేరుతుంది, అక్కడి నుంచి మా వరుసలోకి వస్తుంది. ఒకరు లక్షల్లో రాస్తారు, ఒకరు కోట్లలో, ఇంకొకరు మిలియన్లలో. ఒక కంపెనీ తన ఒక్కదాని లెక్క, పిల్ల కంపెనీలతో కలిపిన లెక్క పక్కపక్కనే ఇస్తుంది. వీటన్నిటినీ ఒకే మూసలో పోసి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కూర్చున్నవాడి తెర మీదికి పంపాలి. అవతలివాడు ఆ పీడీఎఫ్ తెరవడు. మా అంకెనే నమ్ముతాడు.

ట్రైనింగ్‌లో ఒక కథ చెప్పారు. 1850లో రాయిటర్ అనే ఆయన బ్రస్సెల్స్‌కూ ఆకెన్‌కూ మధ్య టెలిగ్రాఫ్ తీగ లేకపోతే షేర్ల ధరలు పావురాలతో పంపించాడట. మా పని అక్కడి నుంచి వచ్చిందేనన్నారు. అప్పుడు బాగుందనుకుని వదిలేశా. బుధవారం రాత్రి మాత్రం ఆ పావురం గుర్తొచ్చింది. చీటీలో అంకె తప్పు పడితే దానికేం తెలుస్తుంది? పోయి వాలుతుంది.

బుధవారం ఏం జరిగిందంటే, సాయంత్రం ఆరున్నర దాటాక ఒక చిన్న నూలు మిల్లు పత్రం నా ముందుకు వచ్చింది. స్కాన్ చేసిన కాగితం, కొంచెం వంకరగా ఉంది. ఆడిటర్ గుండ్రటి ఊదా రంగు ముద్ర సరిగ్గా కింది వరుసల మీద పడింది. నీకు తెలుసు కదా, లెక్కల్లో నష్టాన్ని బ్రాకెట్లో రాస్తారు. మామూలు లాభం 310 లక్షలు. దాని కింద ప్రత్యేక ఖర్చు 525 లక్షలు. ఆ కింద నికరంగా 215 నష్టం, బ్రాకెట్లో. మిషన్ 215 అని తీసింది, బ్రాకెట్ లేదు. నేను చూసినప్పుడూ నాకు ఊదా రంగే కనిపించింది, బ్రాకెట్ కనిపించలేదు. నష్టం లాభమైపోయింది.

మిషన్ ఊరుకోలేదురా, అదే నన్ను పొడుస్తోంది. "మొత్తం కలవడం లేదు, తేడా 430" అని ఎర్ర గుర్తు పెట్టింది. నేనేం చేశానో తెలుసా? చిన్న కంపెనీల పత్రాల్లో కూడికలు తరచుగా కలవవు, ఎర్ర గుర్తులు రోజుకు యాభై అరవై వస్తాయి, నా వెనక ఇంకా ఇరవై పత్రాలున్నాయి. పన్నులో ఏదో సర్దుబాటు ఉంటుందిలే అనుకున్నా. "యాజ్ రిపోర్టెడ్" అని కారణం రాసి మూసేశా. అంటే పత్రంలో ఉన్నట్టే తీసుకున్నానని అర్థం. 6:40కి అది వెళ్లిపోయింది.

తొమ్మిదిన్నరకు షిఫ్టు అయింది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి, హాస్టల్‌లో తిని కంచం కడుగుతున్నా. కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడ్డప్పుడు 430 అన్న అంకె తిరిగి వచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు. దాని వెనకాలే నాయన గొంతు వినిపించింది: "తేడా వస్తే సగం చేసి చూడు."

నాయన 28 ఏళ్లు రైస్ మిల్లులో చిట్టా, ఆవర్జా లెక్కల పుస్తకాలు రాశాడని నీకు తెలుసు. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు నీకూ నేర్పాడు, గుర్తుందా? తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే రెండంకెలు తారుమారై ఉండొచ్చు, 43 బస్తాలను 34 అని రాసినట్టు. తేడాలో సగం లెక్కలో ఎక్కడైనా కనిపిస్తే ఆ అంకె అటుది ఇటు పడిందన్నట్టు, జమ కావాల్సింది ఖర్చులోనో, ఖర్చు కావాల్సింది జమలోనో. (నీ అచ్చంపేట పిల్లలకు నేర్పు, బాగా పట్టేస్తారు.) 430లో సగం 215.

కంచం అక్కడే పెట్టేశా.

నీకు అబద్ధం చెప్పను. వెంటనే ఫోన్ చెయ్యలేదు. రూమ్మేట్‌కు చెబితే, "ఈ మిల్లు షేర్ ఎవడు చూస్తాడురా, వచ్చే త్రైమాసికం పత్రంలో పాత కాలమ్ కూడా ఇస్తారు కదా, అప్పుడు దిద్దొచ్చు" అన్నాడు. అది నిజమే. ఫిబ్రవరిదాకా ఎవరికీ తెలియకపోవచ్చు. పది నిమిషాలు మెట్ల మీద ఆ మాట పట్టుకుని కూర్చున్నా. మనకు రాత్రి పదకొండు, న్యూయార్క్‌లో మధ్యాహ్నం, ఆఫీసులన్నీ నడుస్తున్నాయి. ఎవరో ఒకరు ఈ మిల్లు పేరు కొట్టి 215 చూసి పర్వాలేదు, లాభంలోనే ఉంది అనుకుంటున్నట్టు కళ్ల ముందు కనిపించింది. ముఖం లేని మనిషి. ఇక కూర్చోలేకపోయా.

మా టీమ్ లీడ్ రెండో రింగుకే ఫోన్ ఎత్తింది. తిట్టలేదు. "ఏ లైన్లు?" అని మాత్రం అడిగింది. లాప్‌టాప్ తెరిచి పత్రాన్ని నాలుగింతలు పెద్దది చేస్తే, ముద్ర అంచు కింద గోరంత వంపు కనిపించింది. అదే బ్రాకెట్. మొదటే పెద్దది చేసి చూసుంటే కనిపించేది. అందుకు పట్టేది ఎనిమిది సెకన్లేమో. ఒక్కో షేరుకు వచ్చే లాభం అంకె కూడా ఆ ముద్ర కిందే ఉంది, అదీ బ్రాకెట్లోనే. 11:50కి అన్నీ దిద్దాం, డేటా తీసుకునేవాళ్లకు సవరణ నోటీసు వెళ్లింది. ఐదు గంటల పది నిమిషాలు తప్పు అంకె బయట తిరిగింది. ఎవరు చూశారో, దాన్ని బట్టి ఏం చేశారో నాకు ఎప్పటికీ తెలీదు. నాకు నిద్ర పట్టనిది దానికేరా.

గురువారం మీటింగ్ పెట్టారు. పద్నాలుగు మంది ముందు "ఆ గుర్తు ఎవరు మూసేశారు" అని అడిగితే "నేను" అన్నా. నేనే చెప్పుకున్నా కూడా తప్పు తప్పుగానే లెక్కకు వస్తుంది, సంవత్సరం చివర రేటింగ్ మీద పడొచ్చు. అది న్యాయమేననిపించింది, బాధ కూడా వేసింది. తేడాలో సగం ఏ వరుసతోనైనా కలిస్తే ఆ వరుసను మిషనే చూపించేలా చెయ్యమని అడిగా. చూస్తామన్నారు. చేస్తారనే ఆశ ఉంది. శుక్రవారం ఆఖరు రోజు, రాత్రి రెండుదాకా ఆఫీసులోనే. ఆ రోజు ముద్రలున్న ప్రతి కాగితాన్నీ పెద్దది చేసి చూశా, నా వరుస అందరికంటే పొడుగైంది, అయినా చూశా.

నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు నాయనకు చెప్పా. మొత్తం చెప్పకముందే, "తేడా ఎంతొచ్చింది?" అన్నాడు.

"430."

"సగం చేసినవా?"

ముద్ద గొంతు దిగలేదురా. పదిన్నరకు గాని చెయ్యలేదని చెప్పా. ఆయన ఏమీ అనలేదు. మజ్జిగ పోసుకున్నాడు. కాసేపాగి, "మిల్లుకు నష్టం ఎందుకొచ్చింది?" అని అడిగాడు.

యాదగిరీ, నాకు తెలీదు! నాలుగు రోజులు ఆ పత్రం చుట్టూ తిరిగా, దాని మీద రెండు పేజీల సంజాయిషీ రాశా, ఆ 525 ఏమిటో చదవలేదు. భోజనం అయ్యాక బీఎస్ఈ సైట్లోంచి ఫోన్‌లో దింపి ఇద్దరం చదివాం. కింద నాలుగో నోట్‌లో ఉంది: గోదాం కాలిపోయింది. బీమా క్లెయిమ్ ఇంకా తేలలేదట. "ఐదుంపావు కోట్ల సరుకు" అని నాయన అద్దాలు తీసి పక్కన పెట్టాడు. తను పనిచేసిన రైస్ మిల్లులో ఓసారి గోనె సంచుల కుప్ప అంటుకుందట, ఆ రాత్రి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కథ నేనెప్పుడూ వినలేదు. నీకు అదంతా రాయాలి. అప్పుడు మిల్లు సేటు ఏం చేశాడంటే

నాయన బండి స్టార్ట్ చేశాడు, పిలుస్తున్నాడు. నాలుగున్నర బస్సు పోతే రేపు పొద్దుటి షిఫ్టు అందుకోలేను. మీ తమ్ముడికి జీతం సంగతి, రాత్రి క్యాబుల సంగతి ఏమీ రాయలేకపోయా, వాడిని నాకు ఫోన్ చెయ్యమను. చేరమనే చెబుతా. గోనె సంచుల కథ వచ్చే ఉత్తరంలో రాస్తా.

నీ
శంకర్